బాస్ చేపకు తగిన గాలం

గాలం వేసి చేపలు పట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. చెరువు గట్టునో, కాలవ వంతెన మీదనో కూచుని, కర్ర చేతబట్టుకుని, బెండుకేసి కన్నార్పకుండా చూస్తూ ఉంటారు. వాళ్ళ సరంజామా బహు కొంచెం. ఒక వెదురు కర్ర, రెండు మూడు బారల దారం, ఒక బెండు, ఒక కొక్కెం, దానికి గుచ్చిన ఒక వానపాము. చిన్న చేపలకు ఇంతకన్న మంచి గాలం లేదు. కాని ఇందులో ఒక చిక్కున్నది. కర్రా దారమూ కలిపి ఎంత పొడవో, గాలం అంత దూరమే పోతుంది. ఇరవై గజాల అవతల, కలువాకుల మాటున, ఒక పెద్ద చేప పొంచి ఉన్నదనుకోండి. దాని ముందుకు ఎర పంపటం ఎలాగు?

ఈ పని కోసం పుట్టిందే రీలు గల గాలం. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని కొనేటప్పుడు ఏమేం చూడాలో తెలియాలంటే, ముందు ఆ చేప ఉండే చోటు చూడాలి. ఆ చేప పేరు బాస్. దాని దేశం అమెరికా. అందులోనూ జార్జియా రాష్ట్రంలో దానికి పెద్ద మర్యాద. రండి, పోదాం.

జార్జియాలో కారులో పోతూ కిటికీలోంచి చూస్తే, మన వైపు ఏ పల్లెకో పోతున్నట్టు ఉంటుంది. రోడ్డు కోసం తవ్విన చోటల్లా మట్టి ఎర్రగా కుంకుమలాగా కనిపిస్తుంది. దక్షిణానికి పోయినకొద్దీ పత్తి చేలు, వేరుశనగ చేలు వస్తాయి. వేసవిలో అక్కడి ఉక్క మన కోస్తా ఉక్కకు ఏమీ తీసిపోదు. పైన్ చెట్ల అడవులు మటుకు మనకు కొత్త.

ఆ ఎర్రమట్టికి ఒక కథ ఉన్నది. నూరేళ్ళకు పైగా అక్కడి రైతులు ఏటేటా పత్తే వేశారు. అడవులు కొట్టేశారు. వాలు నేలలను వాలువెంటే దున్నారు. వాన కురిసినప్పుడల్లా మట్టి కొట్టుకుపోయింది. ప్రావిడెన్స్ కాన్యన్ అనే చోట, చేలల్లో చిన్న చిన్న కోతలుగా మొదలైనవి పెరిగి పెరిగి 150 అడుగుల లోతు అగాధాలైనాయి. పది పన్నెండు అంతస్తుల మేడ అందులో దిగితే బయటికి కనిపించదు!

నేల ఇలా పోతే లాభం లేదని 1935లో అమెరికా ప్రభుత్వం నేలను కాపాడటానికి ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టింది. ఆ శాఖవాళ్ళు ఊరూరా తిరిగి రైతులకు ఎన్నో సంగతులు చెప్పారు. వాలుకు అడ్డంగా దున్నమన్నారు. జపాను నుంచి వచ్చిన కుడ్జు అనే తీగను నాటమని మొక్కలు కూడా ఇచ్చారు. వాగులకు అడ్డుకట్టలు వేసి కుంటలు చేసుకోమన్నారు. కుడ్జు తీగ మట్టిని పట్టుకోవటంతో ఊరుకోలేదు. చెట్లను, పాడుపడిన ఇళ్ళను, కరెంటు స్తంభాలను కూడా కప్పేసింది. ఇప్పుడు దాన్ని పీకలేక అవస్థ పడుతున్నారు. ఈ తీగ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ దానితో పని ఉన్నది. కుంటలు మటుకు అందరికీ మేలే చేశాయి. పశువులకు నీళ్ళు దొరికాయి. పిల్లలకు చేపలు దొరికాయి.

నీళ్ళున్నంత మాత్రాన చేపలుంటాయా? పక్క రాష్ట్రమైన అలబామాలో ఆబర్న్ అనే ఊళ్ళో ఒక విద్యాలయం ఉన్నది. అక్కడ హోమర్ స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు 1930ల నుంచి ఏళ్ళ తరబడి కుంటలలో చేపలు పెంచి పరీక్షలు చేశాడు. ఆయన పద్ధతి చిత్రమైనది. కుంటలో చేపలను వదలటం, కొంతకాలం పోయాక నీళ్ళన్నీ తీసేసి ఉన్న చేపలనన్నిటినీ ఏరి, లెక్కపెట్టి, తూచటం! బ్లూగిల్ అనే చేప ఒకటి ఉన్నది. అరచేయంత ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే వదిలితే వేలకు వేలు పిల్లలు పెట్టి, ఉన్న తిండి ఎవరికీ చాలక అన్నీ గిడసబారిపోతాయి. బాస్ చేపను కూడా వదిలితే అది బ్లూగిల్ పిల్లలను తిని తాను పెరుగుతుంది. మిగిలిన బ్లూగిల్‌లకూ కడుపు నిండుతుంది. ఒక బాస్ పిల్లకు పది బ్లూగిల్ పిల్లల చొప్పున వదిలితే కుంట చక్కగా సాగుతుందని తేలింది. ఆ దక్షిణ రాష్ట్రాలలోని కుంటలు చాలావాటిలో ఈ రెండు చేపలూ కలిసి ఉండటానికి కారణం ఇదే.

ఇక మన చేపను చూద్దాం. ఇది పెద్దనోటి బాస్. ఒళ్ళు ముదురాకుపచ్చ, పొట్ట తెలుపు, పక్కన తలనుంచి తోకదాకా నల్లని చార. నోరు మూసినా దాని చివర కంటిని దాటి వెనక్కి పోతుంది. అంత పెద్ద నోరు! మన కొరమీను మాదిరే ఇది కూడా పొంచి ఉండి మీదపడే వేటచేప. చిన్న చేపలు, కప్పలు, తూనీగలు, రొయ్యకు పెద్దన్నలాంటి క్రేఫిష్—నోట్లో పట్టేది ఏదైనా సరే. ఇంకో పోలిక కూడా ఉన్నది. కొరమీను తన పిల్లలకు కాపలా కాస్తుందని మీకు తెలుసు గదా? వసంతకాలంలో నీళ్ళు కాస్త వెచ్చబడగానే మగ బాస్ తోకతో అడుగున గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి పోతుంది. గుడ్లకూ, పొదిగిన పిల్లలకూ తండ్రే కాపలా. కొరమీను తెలంగాణ రాష్ట్రపు చేప. పెద్దనోటి బాస్ 1970 నుంచి జార్జియా రాష్ట్రపు చేప. ఇద్దరికీ మర్యాద ఒకటే!

పొంచి ఉండే చేప నడినీళ్ళలో ఉండదు. జమ్ము దుబ్బుల అంచున, కలువాకుల కింద, పడిపోయిన చెట్టు కొమ్మల మధ్య ఉంటుంది. ఎర దాని ముందు పడాలి. పడిన తరవాత ప్రాణమున్నదానిలా కదలాలి. చేప పట్టగానే కొమ్మల్లోకి దూరకుండా దాన్ని మళ్ళించాలి. గాలానికి ఉండవలసిన లక్షణాలన్నీ ఈ మూడు పనుల్లోనే ఉన్నాయి.

మొదటి పని దూరంగా విసరటం. ఇందులో కిటుకు రీలుది. గాలిపటం ఎగరేసేటప్పుడు దారపు చరఖాను చూశారా? దారం పోవాలంటే చరఖా తిరగాలి. గాలిపటం ఒక్కసారి ఆగితే చరఖా ఆగదు. ఊపులో ఇంకా నాలుగు చుట్లు తిరుగుతుంది. దారం వదులై చిక్కుపడుతుంది. పాతకాలపు రీళ్ళు ఇలాగే ఉండేవి. ఇప్పటికీ ఆ రకం ఉన్నాయి. చెయ్యి తిరిగినవాళ్ళు వాటిని హాయిగా వాడతారు. కొత్తవాళ్ళకు మటుకు కాకిగూడే మిగులుతుంది. పైగా ఎర తేలికదైతే ఆ చరఖాను తిప్పే బలం దానికి ఉండదు.

ఇప్పుడు మగ్గం దగ్గరికి రండి. నేతగాడి నాడెలో కండె ఉంటుంది. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే కండె గిర్రున తిరుగుతుందా? తిరగదు. కదలకుండా ఉంటుంది. నూలు దాని కొసమీదనుంచి చుట్టుకు చుట్టు జారి వచ్చేస్తుంది. ఎంత వేగంగా లాగినా వస్తుంది, ఆపితే ఆగుతుంది, చిక్కు పడదు.

గాలానికి కూడా ఈ ఉపాయమే పనికివస్తుందని కొందరికి తోచింది. 1884లో స్కాట్లండులో పెర్త్ అనే ఊళ్ళో మాలోక్ అనే ఆయన ఒక రీలు చేశాడు. విసిరేటప్పుడు దాన్ని పక్కకు తిప్పితే దారం కొసమీదనుంచి జారుతుంది. చుట్టేటప్పుడు మళ్ళీ మామూలుగా తిప్పుకోవాలి. ఇది బాగానే ఉన్నది గాని దారానికి పురి ఎక్కువై మెలికలు పడేది. 1905లో ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ నగరంలో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన కొత్తరకం రీలుకు పేటెంటు తీసుకున్నాడు. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులకు పెట్టింది పేరు. ఇల్లింగ్‌వర్త్‌ది ఉన్ని వ్యాపారమే. మిల్లులో కండెల మీదనుంచి దారం జారటం చూసే ఆయనకు ఈ ఊహ పుట్టిందంటారు. ఆయన రీలులో కండె అసలు తిరగదు. పిడి తిప్పితే చిన్న చెయ్యిలాంటిది కండె చుట్టూ తిరిగి దారాన్ని చుడుతుంది. ఇవాళ స్పిన్నింగ్ రీలు అని అమ్ముతున్నది దీని మునిమనవడే. మరమగ్గాలకు నూలు పంపే ఊరినుంచి గాలానికి రీలు వచ్చిందన్నమాట!

అప్పటికి దారం మటుకు పట్టుదే. ప్రతి సాయంత్రమూ విప్పి ఆరబెట్టుకోకపోతే కుళ్ళిపోయేది. 1935లో కరోథర్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు నైలాను కనిపెట్టాక ఆ బాధ తప్పింది. నైలాను కుళ్ళదు. కుళ్ళదు గనకే దాని ముక్కలను గట్టున పారెయ్యకూడదు. తాబేళ్ళ కాళ్ళకూ, పక్షుల రెక్కలకూ చుట్టుకుని వాటి ప్రాణం తీస్తాయి.

అట్లాంటా నగరానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా తమ్ముడు కూడా అక్కడే ఉంటాడు. వాడి కూతురికి పన్నెండేళ్ళు. వాళ్ళింటికి మైలు దూరంలో ఒక రైతు కుంట ఉన్నది. ఆ పెద్దమనిషి అడిగినవాళ్ళకు కాదనకుండా చేపలు పట్టుకోనిస్తాడు. జార్జియాలో పదహారేళ్ళు నిండనివాళ్ళకు చేపలు పట్టటానికి లైసెన్సు అక్కర్లేదు. కాని కుంట ఎవరిదో వాళ్ళను అడక్కుండా గాలం వెయ్యటం దొంగతనం కిందికే వస్తుంది.

నేను వెళ్ళేసరికి పిల్ల ముఖం వేలాడేసుకుని ఉన్నది. వారం కిందట దాని గాలానికి ఒక పెద్ద బాస్ పడింది. ఆ గాలం ఆటబొమ్మలాంటిది, ఎవరో పుట్టినరోజుకు ఇచ్చింది. చేప ఒక్క గుంజు గుంజేసరికి రీలు బిగుసుకుపోయి దారం ఫట్టున తెగింది. చేప కొక్కెంతో సహా పోయింది.

"పెదనాన్నా, ఆ కొక్కెం దాని నోట్లో ఎన్నాళ్ళుంటుంది? అది తిండి తినగలదా?" అని అడిగింది.

"చాలా చేపలు కొన్నాళ్ళకు కొక్కేన్ని వదిలించుకుంటాయి. అన్నీ వదిలించుకుంటాయని మటుకు చెప్పలేనమ్మా," అన్నాను.

అది దాచుకున్న డబ్బు డెబ్బై డాలర్లు ఉన్నది. ఈసారి తెగని గాలం కొంటానన్నది. ఇద్దరం దుకాణానికి వెళ్ళాం.

దుకాణంలో వందల కర్రలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పిల్ల తిన్నగా అద్దాల బీరువా దగ్గరికి పోయి, బంగారు రంగు రీలొకటి చూపించి, "పెదనాన్నా, దీంట్లో పన్నెండు బేరింగులున్నాయిట!" అన్నది. దాని ధర అరవై అయిదు డాలర్లు. అది కొంటే కర్రకు మిగిలేది అయిదు.

దుకాణంలో ఉన్న ముసలాయన రీలు బీరువాలోంచి తియ్యలేదు. "అమ్మాయీ, నువ్వు చేపలు పట్టే చెరువు ఎంతుంటుంది? గట్టున చెట్లున్నాయా? ఏం ఎర వేస్తావు?" అని అడిగాడు. కుంట రెండెకరాలనీ, ఒక పక్క చెట్లనీ, ప్లాస్టిక్ వానపాము వేస్తాననీ చెప్పింది. (ఈ ప్లాస్టిక్ వానపామును 1949లో ఒహాయో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశాడు. మెత్తగా ఉండి నీళ్ళలో నిజమైనదానిలాగే మెలికలు తిరుగుతుంది.) అప్పుడాయన మమ్మల్ని కర్రల వరసలోకి తీసుకుపోయాడు. మంచి దుకాణదారు ముందు చెరువు సంగతి అడుగుతాడు, తరవాతనే డబ్బు సంగతి.

కర్రమీద, పిడికి కాస్త పైన, చిన్న అక్షరాలతో నాలుగు సంగతులు రాసి ఉంటాయి: కర్ర పొడవు, దాని బలం, విసరదగ్గ ఎర బరువు, వాడదగ్గ దారం. ఇవి చదవటం వస్తే ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యలేరు.

పొడవు పెరిగినకొద్దీ ఎర దూరం పోతుంది. కాని చెట్లకింద ఏడడుగుల కర్ర ఊపితే ఎర కొమ్మకే తగులుకుంటుంది. పన్నెండేళ్ళ పిల్లకు ఆరడుగులో, ఆరున్నరో చాలు. పెద్దవాళ్ళకు, చెట్లు లేని గట్టుకు ఏడు బాగుంటుంది. రెండు ముక్కలుగా విడదీసే కర్రయితే కారులో సులభంగా పడుతుంది.

బలం సంగతి కొంచెం నిదానంగా చూడాలి. విసిరేటప్పుడు ఎర బరువుకు కర్ర వెనక్కి వంగి, విల్లులాగా తిరిగి ముందుకు కొడుతుంది. ఎరను పంపేది మీ చెయ్యి కాదు, ఈ విల్లే. కర్ర మరీ గట్టిదైతే తేలిక ఎరకు వంగదు, ఎర కాళ్ళ దగ్గరే పడుతుంది. మరీ మెత్తదైతే చేపను కొమ్మల్లోకి పోకుండా మళ్ళించలేరు. పైగా బాస్ నోరు గట్టిది, మెత్తని కర్రతో లాగితే కొక్కెం దిగదు. అందుకని కుంటకు "మీడియం" అని రాసిన కర్ర సరిపోతుంది. చిన్న చేతులకు "మీడియం లైట్" అయినా ఫరవాలేదు. దానిమీద "ఫాస్ట్" అని కూడా ఉంటే కర్ర పైకొసన మాత్రమే వంగుతుందనీ, కింది భాగం గట్టిగా ఉంటుందనీ అర్థం. ప్లాస్టిక్ వానపాముకు అదే కావాలి. చేప ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. ఎర బరువు ఔన్సులో ఎనిమిదో వంతు నుంచి అర ఔన్సు దాకా, అంటే మూడున్నర గ్రాములనుంచి పధ్నాలుగు గ్రాముల దాకా, రాసి ఉన్న కర్ర తీసుకోవాలి. కుంటలో వేసే ఎరలన్నీ ఇంచుమించు ఈ హద్దుల్లోనే ఉంటాయి.

ముసలాయన ఒక దూదిపింజ తెచ్చి కర్రకున్న ఉంగరాలలో ఒక్కొక్కదానిలోనూ దూర్చి తిప్పి చూపించాడు. ఉంగరం లోపల ఎక్కడైనా పెచ్చు ఊడి ఉంటే దూది పోగు పట్టుకుంటుంది. పట్టుకున్న చోటే దారం కూడా కోసుకుంటుంది. స్పిన్నింగ్ కర్రకు మొదటి ఉంగరం గాజంత పెద్దది ఎందుకని పిల్ల అడిగింది. కండె కొసనుంచి దారం తిన్నగా రాదు, సుడులు తిరుగుతూ వస్తుంది. ఆ సుళ్ళను పెద్ద ఉంగరం, దానికన్న చిన్నది, ఇంకా చిన్నది, వరసగా సన్నం చేసి పంపుతాయి. రీలు కర్రకింద వేలాడుతుంది గనక ఉంగరాలు కూడా కిందివైపే ఉంటాయి.

చివరకు రీళ్ళ దగ్గరికి వచ్చాం. బేరింగులంటే తిరిగే భాగాలు నున్నగా తిరగటానికి పెట్టే గుళ్ళ చట్రాలు. నాలుగు మంచివి పన్నెండు నాసివాటికన్న నయం. సైజు చూడాలి. చాలా కంపెనీలు రీళ్ళమీద 1000, 2500, 4000 అని అంకెలు వేస్తాయి. మీడియం కర్రకు 2500 సరిపోతుంది. 4000 సముద్రతీరాన పనికివస్తుంది గాని కుంట దగ్గర చెయ్యి నొప్పి పుట్టిస్తుంది. రీలు బిగించిన కర్రను పిడి దగ్గర ఒక వేలిమీద నిలబెట్టి చూడండి. కొస ఒక్కసారిగా నేలకు వాలితే అది మీ చేతికి తగినది కాదు.

తరవాత "6.0:1" అనే అంకె. పిడి ఒకసారి తిప్పితే చుట్టే చెయ్యి ఆరుసార్లు తిరుగుతుందని దానర్థం. లోపల పళ్ళచక్రాల మహిమ. కండె అడ్డకొలత నాలుగున్నర సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు ఎంత దారం పడుతుంది? 4.5ను 3.14తో గుణించండి, పధ్నాలుగు సెంటీమీటర్లు. ఆరు చుట్లకు ఎనభై నాలుగు. అంటే పిడి ఒక తిప్పుకు ఎర ముప్పాతిక మీటరు పైన వస్తుంది. కుంటకు ఇంతకన్న వేగం అక్కర్లేదు. ప్లాస్టిక్ వానపామును ఎంత నిదానంగా లాగితే అంత మంచిది.

అన్నిటికన్న ముఖ్యమైనది కండె నెత్తిమీద ఉండే మర. దీన్ని డ్రాగ్ అంటారు. దాని కింద బిళ్ళలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఉంటాయి, సైకిలు బ్రేకు లాగా. చేప మరీ బలంగా గుంజినప్పుడు ఆ బిళ్ళలు జారి, కదలకూడని కండె కదిలి, కాస్త దారం వదులుతుంది. దారం తెగకుండా కాపాడేది ఇదే. మన పిల్ల పాత గాలంలో తుప్పుపట్టి బిగుసుకుపోయింది కూడా ఇదే. ముసలాయన పది రీళ్ళకు ఈ మరను సర్ది దారం లాగి చూపించాడు. కొన్ని కుదుపుతూ కుదుపుతూ వదిలాయి. రెండు మటుకు వెన్నమీద జారినట్టు వదిలాయి. ఆ రెంటిలో ఒకటి బూడిదరంగుది, ముప్ఫై అయిదు డాలర్లది. బేరింగులు నాలుగు. బంగారు రంగుది కుదుపుతూ వదిలినవాటిలో ఉన్నది!

పిల్ల ఇంకా అద్దాల బీరువాకేసి చూస్తూనే ఉన్నది. అప్పుడు ముసలాయన జార్జ్ పెర్రీ కథ చెప్పాడు. 1932 జూన్ 2న వాన పడి పొలం పని సాగక, పెర్రీ అనే కుర్రవాడు స్నేహితుడితో కలిసి జార్జియాలోనే మాంట్‌గొమరీ మడుగుకు చేపలకు పోయాడు. అమెరికాలో అవి మహా కరువు రోజులు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క కొయ్య ఎర. వంతులవారీగా వేశారు. పెర్రీ వంతులో ఒక బాస్ పడింది. తూస్తే 22 పౌనుల 4 ఔన్సులు, పది కిలోల పైమాట. ప్రపంచంలో అంత బాస్‌ను ఎవరూ పట్టలేదు. పెర్రీ దాన్ని ఇంటికి తీసుకుపోతే ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 77 ఏళ్ళు ఆ రికార్డు నిలిచింది. 2009 జూలై 2న జపానులో బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన పట్టింది దీనికన్న ఒక ఔన్సు ఎక్కువ తూగింది. పాత రికార్డును మించాలంటే రెండు ఔన్సులైనా ఎక్కువ ఉండాలి. అందువల్ల ఇద్దరినీ సమానులుగా రాసుకున్నారు.

"జపానులోకి బాస్ ఎలా వెళ్ళింది?" అని పిల్ల అడిగింది. 1925లో అమెరికానుంచి తీసుకుపోయి వదిలారు. అది అక్కడి చిన్న చేపలను తినేసి ఎంత చేటు చేసిందంటే, ఇప్పుడు ప్రాణమున్న బాస్‌ను ఒకచోటినుంచి ఒకచోటికి తీసుకుపోవటమే జపానులో నేరం. జపాను కుడ్జు తీగ అమెరికాను కప్పేసింది, అమెరికా బాస్ జపాను సరస్సులను దోచింది! మన కొరమీను చెరువుల్లో ఎవరైనా సరదాకి బాస్‌ను తెచ్చి వేస్తామంటే వెయ్యనివ్వకండి.

కర్ర ఇరవై అయిదు, రీలు ముప్ఫై అయిదు, ఎనిమిది పౌనుల నైలాను దారం ఆరు. పిల్లకు నాలుగు డాలర్లు మిగిలాయి. వాటితో కొక్కేలు కొన్నది.

ఇంటికి వచ్చాక దారం చుట్టాం. కండె అంచుకు మూడు మిల్లీమీటర్ల దిగువదాకా నిండాలి. వెలితిగా ఉంటే దారం అంచుకు రాసుకుని ఎర దూరం పోదు. పొంగితే చుట్లు ఊడిపడతాయి. తరవాత దారం కొసను స్ప్రింగు త్రాసుకు కట్టి నేను పట్టుకున్నాను. పిల్ల కర్ర వంచి లాగింది. దారం బలం ఎనిమిది పౌనులు గనక అందులో నాలుగో వంతు, రెండు పౌనుల దగ్గర, కండె జారేటట్టు మర సర్దుకున్నది. పట్టకారుతో కొక్కేల ముల్లు నొక్కి చదును చేశాను. ముల్లు లేకపోతే కొక్కెం నొప్పి లేకుండా ఊడివస్తుంది. అది చేప నోటికైనా, మన వేలికైనా!

మర్నాడు సాయంకాలం కుంటకు వెళ్ళాం. నీళ్ళు పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి. జమ్ములో గోదురు కప్పలు ఎద్దుల్లాగా రంకె వేస్తున్నాయి. గట్టుమీద గడ్డిలో అడుగు వేసేముందు పాములకోసం చూసుకోవాలి, విసిరేముందు వెనక ఎవరున్నారో చూసుకోవాలి, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. ఇవన్నీ పిల్లకు తెలుసు. వేలితో దారం పట్టుకుని, రీలుకున్న తీగవంపు ఎత్తి, కర్ర ఊపి, వేలు వదిలింది. ఎర కలువాకుల అంచున పడింది. తీగవంపును చేత్తోనే మూసింది. పిడి తిప్పి మూస్తే దారానికి మెలిక పడుతుంది.

చీకటి పడే వేళకు దారం పక్కకు నడిచింది. పిల్ల కర్ర ఎత్తింది. చేప నీళ్ళమీదికి ఎగిరి తల విదిలించింది. తరవాత కొమ్మలవైపు ఉరికింది. రీలు కీచుమన్నది, దారం జారింది.

"తిప్పకు! దారం పోతున్నప్పుడు పిడి తిప్పితే మెలికలు పడతాయి," అన్నాను.

పిల్ల తిప్పలేదు. కర్రను పక్కకు వంచి పట్టుకున్నది. కర్ర సగందాకా వంగింది. చేప ఆగింది. అప్పుడు తిప్పింది. మళ్ళీ ఉరికింది, మళ్ళీ వదిలింది. రెండు నిమిషాల్లో చేప గట్టుకు వచ్చింది. పిల్ల చేతులు తడుపుకున్నది. పొడి చేతితో ముట్టుకుంటే చేప ఒంటిమీద జిగురు పోయి జబ్బు చేస్తుంది. బొటనవేలు నోట్లోపెట్టి కింది దవడ పట్టుకుని ఎత్తింది. బాస్ పళ్ళు ఆకురాయిలాగా ఉంటాయి, కొరకవు. రెండున్నర పౌనులు తూగింది.

కొక్కెం తీసి, నోరు వెడల్పుగా తెరిచి, లైటు వేసి లోపలంతా చూసింది. పాత కొక్కెం లేదు, దాని మచ్చా లేదు.

"ఇది ఆ చేప కాదు, పెదనాన్నా," అంటూ నీళ్ళలో నిలబెట్టి పట్టుకున్నది. చేప రెండుసార్లు మొప్పలాడించి, తోకతో ఒకటి కొట్టి, కలువాకుల కిందికి పోయింది. పిల్ల ఎర సరిచేసుకుని మళ్ళీ విసిరింది.